పైసా పెంచని అద్దె

మా తమ్ముడు త్రినాథ్ రష్యా నుంచి రాసిన ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ‘ఇంటావిడ మంచిదక్కా, అద్దె పైసా పెంచలేదు’ అని రాశాడు. రెండు వరసలు దాటాక, ‘ఆగస్టు మొదట్లో మూడు వేల రూబుళ్లు కట్టాను, అక్టోబరులో ఎనిమిది వేలు కట్టాను’ అని రాశాడు. నేను వేలు పెట్టి నెమ్మదిగా చదువుతాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. మూడు వేలు ఎనిమిది వేలయితే పైసా పెంచకపోవడం ఏమిటి?

ఆ ఉత్తరం తొంభై ఎనిమిది నవంబరులో వచ్చింది. అంతకు ఏడాదిన్నర ముందు వాడు ఆ దేశం వెళ్లాడు. చదువుకోవడానికి కాదు, వంట చేయడానికి. గుంటూరు బ్రాడీపేటలో కోచింగు పిల్లలకు భోజనం పెట్టే మెస్సులో తొమ్మిదేళ్లు వంట చేశాడు. వాడి పప్పుచారు తిన్న పిల్లలు కొందరు డాక్టరు చదువుకని వోల్గా నది ఒడ్డున ఏదో ఊరు వెళ్లారు. అక్కడి తిండి తినలేక వాడినే రమ్మన్నారు. వాడు వెళ్లి, తమారా అనే ఆవిడ ఇంట్లో కింది భాగం, ఒక వంటగది, పిల్లలు కూర్చుని తినడానికి ఒక పెద్ద గది, అద్దెకు తీసుకుని మెస్సు పెట్టాడు. గిన్నెలకూ పొయ్యిలకూ బయానాకూ కావలసిన అరవై వేలు నేనిచ్చాను. మా ఆయన పోయాక వచ్చిన ఇన్సూరెన్సు డబ్బు అది. లాభంలో సగం నాది, సగం వాడిది. మొదటి ఏడాది రెండుసార్లు పంపాడు కూడా. ఆ అక్టోబరులో రావలసింది రాలేదు. దాని బదులు ఆ ఉత్తరం వచ్చింది.

అందులో ఇంకో మాట కూడా ఉంది. ‘అద్దె కాగితం డాలర్లలో ఉందక్కా, కట్టేది రూబుళ్లలో. బ్యాంకు బయట బోర్డు మీద ఆ రోజు పదహారు ఉంది’ అని. రాసుకునేది ఒక డబ్బు, కట్టేది ఇంకో డబ్బు అంటే నాకు అక్కడే ఏదో తేడాగా అనిపించింది. సూటిగా ఉండే వ్యవహారానికి రెండు పేర్లెందుకు?

మా బావగారు చెంచురామయ్య, మా ఆయనకు అన్నగారు, ఆ ఉత్తరం నా చేత చదివించుకుని పెద్దగా నవ్వారు.

“అమ్మాయ్, గుంటూరులో ఇల్లు తీసుకుని జపాను డబ్బులు కడతామా? రష్యాలో రష్యా డబ్బులే ఇస్తారు. అసలు అమెరికావాడికీ రష్యావాడికీ పడదని పేపరు చూసే ప్రతివాడికీ తెలుసు. ఆవిడెవరో రష్యాలో కూచుని అమెరికా లెక్క కడతంటే మనం నమ్మాలంట.”

“మా తమ్ముడు అబద్ధాలాడే మనిషి కాదు బావగారూ.”

“ఇక్కడున్నప్పుడు కాదు. అక్కడికెళ్లాక నీకేం తెలుసు?”

నిజమే, నాకేం తెలుసు. అయినా అప్పటికి ఊరుకున్నాను.

జనవరిలో త్రినాథ్ భార్య నాగజ్యోతి ఇంటికి స్లాబు పోయించింది. రెండు గదులు, ముందు వసారా. మా వీధి చివరే వాళ్ల ఇల్లు. స్లాబు పోసే రోజు నన్ను పిలిస్తే వెళ్లాను. నిచ్చెనల మీద కూలీలు తట్టలు అందించుకుంటుంటే కింద నిలబడి బస్తాలు లెక్కపెట్టాను. ఖాళీ సిమెంటు సంచులు గోడకి ఆనించి ఎనభై దాకా ఉన్నాయి. నాకు రావలసిన సగం రాలేదు గాని ఇక్కడ స్లాబు లేచింది. మిఠాయి చేతిలో పెట్టి, “తిను వదినా” అంది నాగజ్యోతి. తింటూ సంచులు ఇంకోసారి లెక్కపెట్టాను.

ఫిబ్రవరిలో రెండో ఉత్తరం వచ్చింది. ‘ఇప్పుడు అద్దె పదకొండు వేల అయిదొందల రూబుళ్లు అవుతోంది, బోర్డు మీద ఇరవైమూడు ఉంది, రెండు నెలలు బాకీ పడ్డాను. మార్చి నెలాఖరుకి వెయ్యి డాలర్లు సర్దకపోతే ఆవిడ వంటగది ఇంకొకరికి ఇచ్చేస్తుంది, గిన్నెలు కూడా జమ కట్టుకుంటుంది. పోయిన శనివారం ఫోను కలవలేదు, ఫిబ్రవరి ఆఖరి శనివారం మన టైము పదకొండింటికి వలీ బూతుకి చేస్తాను’ అని ఉంది. అందులోనూ ఆ మాట ఉంది. ‘ఆవిడ అద్దె పెంచలేదు, తప్పు ఆవిడది కాదు.’

నాగూర్ వలీ బస్టాండు దగ్గర టెలిఫోను బూతు నడుపుతాడు. బయటి నుంచి ఫోనొస్తే మనిషికి రెండు రూపాయలు తీసుకుని మాట్లాడనిస్తాడు. శనివారం పదింటికే వెళ్లి అద్దాల గదిలో కూర్చున్నాను. పదకొండున్నరకు మోగింది.

“అక్కా, వినపడతందా?”

“వినపడతంది, చెప్పు. మీ ఇంటావిడ ఎన్ని అద్దెలు తీసుకుంటదిరా?”

“ఒకటే అద్దె. అయిదొందల డాలర్లు. మొదటి రోజు నుంచీ అంతే.”

“డాలర్లు కడతన్నావా?”

“లేదక్కా, రూబుళ్లే. ఆ రోజు రేటు కట్టి.”

“రేటు ఎవరు కడతారు?”

“బ్యాంకు వాళ్లు బోర్డు మీద రాస్తారు. రోజూ మారుద్ది.”

“రోజూ మారేదాన్ని పట్టుకుని పెంచలేదంటావేందిరా?”

లైనులో గరగర మొదలైతే వాడు గొంతు పెంచాడు.

“ఇక్కడ ఇళ్లకీ కొట్లకీ అందరూ డాలర్లలోనే రాసుకుంటారక్కా. వాళ్ల డబ్బు మీద వాళ్లకే నమ్మకం లేదు.”

“వాళ్లకే లేని నమ్మకం నీకెట్లా కలిగింది?”

నేనే మళ్లీ అడిగాను. “అద్దె పెరిగితే పిల్లల దగ్గర పెంచు. నువ్వేమన్నా ఊరికే పెడతన్నావా అన్నం?”

“గోడ మీద రాశానక్కా.”

“ఏం రాశావు?”

“రేటు. మనిషికి నెలకి మూడొందల రూబుళ్లని జూన్‌లో ఎర్ర రంగుతో రాశా. బ్రాడీపేటలో జూన్‌లో గోడ మీద రాసింది పరీక్షలయ్యేదాకా ఎవడన్నా మారుస్తాడా? మధ్యలో మారిస్తే మళ్లీ ఒక్క పిల్లోడు గడప తొక్కుతాడా? మాట పోద్దక్కా.”

లైను తెగిపోయింది. నేను బయటికి వస్తే వలీ రెండు రూపాయలు తీసుకుంటూ అడిగాడు. “ఏమంటన్నాడక్కా మీ తమ్ముడు?”

“పెంచలేదంట. పెరిగిందంట.”

“మా ఫోను బిల్లు కూడా అంతేనక్కా. నేనేం ఎక్కువ మాట్లాడను. అదే పెరుగుద్ది.” అని నవ్వి, చిల్లర సొరుగులో వేస్తూ, “అయినా ఆ పిల్లలకి ఇక్కణ్ణించి పోయేవి డాలర్లేగా. వాళ్లకేం నష్టం?” అన్నాడు.

ఆ మాట ఇల్లు చేరేదాకా నా బుర్రలోంచి పోలేదు. పిల్లల దగ్గర డాలర్లు ఉన్నాయి. ఇంటావిడ డాలర్లు అడుగుతోంది. మధ్యలో వీడొక్కడే రూబుళ్లు పట్టుకుని నష్టపోతున్నానంటున్నాడు. అంత అమాయకుడా మా తమ్ముడు? బ్రాడీపేటలో కూరగాయలవాడి దగ్గర పావలాకు అరగంట బేరమాడినవాడు?

ఈ సంగతి బావగారికి చెప్పడం నాదే తప్పు. ఆయనకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

“గోడ మీద రాశాడంట, చెరపలేడంట. సున్నం దొరకదా ఆ దేశంలో? ఇంకా ఏం చూస్తావమ్మాయ్? అక్కడ మెస్సు బ్రహ్మాండంగా నడస్తంది. నీ సగం స్లాబయ్యింది. ఇప్పుడు వెయ్యి డాలర్లంటే నలభై రెండు వేలు. అవి పంపితే వసారాకి టైల్సు కూడా వేయిస్తారు.”

“ఏం చెయ్యమంటారు?”

“ఆదివారం పొద్దున రామాలయం అరుగు మీద నలుగుర్ని కూచోబెడతా. నాగజ్యోతిని పిలిపించి ఇంటి దస్తావేజు తెచ్చి నీ చేతిలో పెట్టమందాం. నీ అరవై వేలు ముట్టేదాకా కాగితం నీ దగ్గరుంటది. ఇవ్వననిందా, దొంగ సొమ్మని ఊరికి తెలుస్తది.”

నేను వద్దనలేదు. సరేనని కూడా అనలేదు గాని, వద్దనకపోవడం అంటే ఆయన లెక్కలో సరే అన్నట్టే. మా అమ్మ పోయినప్పుడు త్రినాథ్‌కి ఆరేళ్లు. నా పెళ్లయి అప్పటికి ఏడాది. వాణ్ణి మా అత్తవారింటికి తెచ్చుకుని పెంచాను. వాడి ఇంటి కాగితం వాడు లేని ఊళ్లో నలుగురి ముందు లాక్కుంటే తర్వాత నేను వాడి మొహం చూసేది లేదు. వాడు నిజంగానే దొంగయితే ఏ బాధా లేదు. కాకపోతే? ఆ వారమంతా నా మనసులో ఇదే తిరిగింది.

గురువారం పొద్దున జక్రయ్య వచ్చాడు. నాకున్న మూడెకరాలూ ఆరేళ్లుగా అతనే కౌలుకు చేస్తున్నాడు. మావైపు మిరపచేను కౌలు రూపాయల్లో మాట్లాడుకోవడం తక్కువ. కాయల్లో మాట్లాడుకుంటాం. ఎకరానికి రెండు క్వింటాళ్లు, మూడెకరాలకి ఆరు. కాయలే తెచ్చి పోయనక్కర్లేదు. ఇచ్చే రోజున గుంటూరు యార్డులో ఏ రేటుంటే ఆ లెక్కన డబ్బు కట్టొచ్చు. మా మామగారి కాలం నుంచీ అంతే.

జక్రయ్య తువ్వాలు ముడి విప్పి నోట్లు అరుగు మీద పెట్టాడు. ఎదురుగా నిలబడ్డాడు గాని కూర్చోలేదు.

“పోయినేడు ఎంతిచ్చానో అంతా ఉందమ్మా. పద్నాలుగు వేల నాలుగొందలు. లెక్క చూసుకోండి.”

నేను నోట్లు ముట్టుకోలేదు. అతను ఏదో దాస్తున్నాడని నాకు తెలుసు. “పోయినేడు రేటు రెండు వేల నాలుగొందలు. ఇప్పుడు యార్డులో నాలుగు వేల ఆరొందలు పలుకుతోందంటగా జక్రయ్యా?”

“పలుకుతోందమ్మా.”

“ఆరు క్వింటాళ్లకి ఎంతవుద్ది?”

“ఇరవై ఏడు వేల ఆరొందలు.”

“లెక్క కట్టుకునే వచ్చావన్నమాట.”

“రేటు పెరిగింది కాయ లేకనే గదమ్మా. ఎకరానికి పద్నాలుగు క్వింటాళ్లు దిగే చేలో ఈ ఏడాది ఏడే దిగింది. అందులోనూ తాలు.” పంచె ఒడిలోంచి గుప్పెడు కాయలు తీసి చూపించాడు. ఎరుపు పోయి తెల్లబడిన కాయలు. అలాంటివి యార్డులో సగం ధరకి కూడా అడగరు. “మంచికాయకి ఉన్న రేటు నాకెక్కడ వచ్చింది? మీ ఆరు మంచికాయ లెక్కన కట్టాలంటే నా వాటా ఏముంటది?”

నాకు కోపం వచ్చింది. ఇంకా ఎంత కాయ ఇంట్లో దాచి ఈ గుప్పెడు తాలు పట్టుకొచ్చాడో అనుకున్నాను. “రేటు పడిపోయిన ఏడు నేనేమన్నా ఎక్కువడిగానా? పన్నెండొందలకి పడ్డ ఏడాది ఏడు వేల రెండొందలు చేతిలో పెడితే మారు మాట్లాడకుండా తీసుకోలేదా?”

“తీసుకున్నారమ్మా. కాదన్లేదు.”

“మరి నేను కౌలు పెంచానా? పోయినేడూ ఆరే, ఈ ఏడూ ఆరే. ఒక్క కాయ పెంచలేదు నేను.”

జక్రయ్య ఆ తాలుకాయలు మళ్లీ ఒడిలో పోసుకుంటూ నెమ్మదిగా అన్నాడు. “మీరు పెంచలేదమ్మా. నాకు పెరిగింది.”

నేనింకా ఏదో అనబోయి ఆగాను. ఆ మాట నేను ఇంతకుముందే విన్నాను. విన్నదే కాదు, చదివాను. ఒక్కసారి కాదు.

“ఈ పద్నాలుగు వేలూ ఉంచండి. మిగతాది యార్డుకి వేసొచ్చాక చూద్దాం” అని జక్రయ్య వెళ్లిపోయాడు. అతను గేటు దాటేదాకా కూడా ఆగకుండా నేను పెట్టె తీసి రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకున్నాను. బోర్డు మీద పదహారు, బోర్డు మీద ఇరవైమూడు అని వాడు రాసిన అంకెలు అన్ని రోజులూ నాకు పట్టలేదు. అవి ఏ అంకెలో తెలియక దాటేసి చదివాను. ఇప్పుడు క్వింటాలు ఉన్నచోట డాలరు పెట్టుకున్నాను. యార్డు ఉన్నచోట బ్యాంకు బోర్డు పెట్టుకున్నాను. తొంభై ఎనిమిది మొదట్లో డాలరుకి ఆరు రూబుళ్లని రాసిన పాత ఉత్తరం ఒకటి ఉంటే అదీ తీశాను. అయిదొందలు ఆర్లు మూడు వేలు. అయిదొందలు పదహార్లు ఎనిమిది వేలు. అయిదొందలు ఇరవైమూళ్లు పదకొండు వేల అయిదొందలు. మూడుచోట్లా సరిగ్గా సరిపోయింది. అబద్ధం చెప్పేవాడు ఎక్కడో ఒకచోట వందో రెండొందలో తప్పుతాడు.

అద్దె నిజం. తమారా అనే ఆవిడ అక్కడ నాలాగే అరుగు మీద కూర్చుని, నేనేం పెంచలేదు కదా అంటోంది. మా తమ్ముడు ఆవిడ ముందు జక్రయ్యలాగా నిలబడ్డాడు.

అద్దె నిజమే. మరి స్లాబు? దాని సంగతి తేలకుండా ఆదివారం సంగతి తేలదు. శుక్రవారం మధ్యాహ్నం నాగజ్యోతి ఇంటికి వెళ్లాను. వసారాలో చెరుగుతున్న బియ్యం పక్కన పెట్టలేదు, లేవలేదు.

“రా వదినా. ఇల్లు కొలుచుకోవడానికొచ్చావా?”

ఊరంతా తెలిసిపోయిందన్నమాట. “ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరు చెప్పలేదని అడుగు. పాలమ్మి చెప్పింది, చాకలామె చెప్పింది. రామాలయం అరుగు ఊడ్పించమని మీ బావగారు చెప్పారంట గదా. చెప్పనిదానివి నువ్వొక్కదానివే.”

“స్లాబు డబ్బులెక్కడివి జ్యోతీ?”

“మీ తమ్ముడు పంపాడు.”

“ఎప్పుడు?”

“జూన్‌లో. ఒక పిల్లోడు సెలవులకొస్తే వాడి చేతికిచ్చి పంపాడు. ఇరవై ఒక్క వేలు.”

“జూన్‌లో డబ్బులొస్తే జనవరిలో స్లాబేంటి?”

“ఆషాఢం పోవద్దా? తర్వాత వానలు. తర్వాత మేస్త్రీ పచ్చకామెర్లతో పడ్డాడు. ఇంకేం కావాలి? మేస్త్రీ మందులచీటీ కూడా తెమ్మంటావా?” చేట విసురుగా కింద పెట్టి లోపలికెళ్లి ఒక ఉత్తరం తెచ్చి నా ఒళ్లో పడేసింది. “చదువుకో. మొగుడు పెళ్లానికి రాసిందైనా పర్లేదు, చదువుకో. ఇది కూడా రామాలయం దగ్గర చదివిద్దువుగాని.”

చదవకూడదని తెలుసు. చదివాను. ముందు నాలుగు వరసలు నాకు సంబంధం లేనివి. తర్వాత ఇలా ఉంది: ‘ఇరవై మంది పిల్లలు సెలవులకి వెళ్తూ చోటు పోకుండా మూడు నెలల డబ్బు ముందే కట్టారు. పద్దెనిమిది వేల రూబుళ్లు వచ్చింది. అందులో మూడు వేలు డాలర్లుగా మార్చి నీకు పంపుతున్నాను. పోయిన వానాకాలం అంతా గిన్నెలు పెట్టుకుని పడుకున్నావు గదా, కప్పు వేయించు. అక్కకి ఇందులో సగం ఇవ్వాలి, నిజమే. ఇప్పుడు చెప్పొద్దు. అక్కకి అనుమానం ఎక్కువ. సంక్రాంతికి నేనే సర్దుతాను. మిగతా పదిహేను వేలు ట్రంకుపెట్టెలో పెట్టాను, అయిదు నెలల అద్దెకి దిగులు లేదు.’

ఆ ఆఖరి మాట దగ్గర వేలు ఆపి మళ్లీ చదివాను. జూన్‌లో అయిదు నెలల అద్దె ఆ పెట్టెలో ఉంది. అక్టోబరు వచ్చేసరికి అదే డబ్బు, ఒక్క నోటు తియ్యకుండా ఉన్నా, రెండు నెలల అద్దెకి కూడా చాలదు. వాడు తాగలేదు, తగలెయ్యలేదు. పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. నాకు తెలియకుండా డాలర్లు చేసి పెళ్లానికి పంపిన ఆ మూడు వేలు ఒక్కటే మిగిలింది. అది ఇప్పుడు మా నెత్తి మీద స్లాబై ఉంది.

“దొంగతనమంటావా?” అంది నాగజ్యోతి.

“సగం నాది.”

“కాదన్నానా? సగం నీదే. సమ్మెట తెచ్చుకుని సగం స్లాబు పగలగొట్టుకుపో.”

నవ్వు వచ్చింది గాని ఆపుకున్నాను. నేను అద్దె లెక్క మొత్తం చెప్పాను, జక్రయ్య కౌలుతో సహా. ఆమె సగం విని, “ఈ మాట మీ తమ్ముడు రెండుసార్లు రాస్తే నమ్మలేదు. జక్రయ్య ఒక్కసారి అంటే నమ్మావు” అంది.

“మార్చి నెలాఖరుకి నలభై రెండు వేలు కావాలి. కౌలు ఇరవై ఏడు దాకా వస్తుంది” అన్నాను.

ఆమె మెడలోని గొలుసు వైపు నేను చూడలేదు. చూశాననే అనుకుంది. “ఇదిగో, దీని మీద పదిహేను వేలు ఇస్తారు. కాగితం రాసివ్వు వదినా, నా గొలుసు ఇంత, నీ కౌలు ఇంత అని. మళ్లీ ఏ అరుగు మీదో కూచోబెట్టకుండా.”

రాసిచ్చాను. రెండుసార్లు చదువుకుని మడిచి జాకెట్లో పెట్టుకుంది.

శనివారం సాయంత్రం బావగారి దగ్గరికి వెళ్లి, రేపు ఎవర్నీ పిలవొద్దన్నాను.

“ఏం, ఏడ్చి మాయ చేసిందా?”

“ఏడవలేదు. అద్దె నిజం బావగారూ. మీ మాగాణి కౌలు ఎకరానికి పన్నెండు బస్తాలు కదా. వడ్ల రేటు పెరిగిన ఏడు కౌలుదారు ఎక్కువ డబ్బు కడతాడు. మీరు పెంచినట్టా?”

“అది వేరు.”

“ఏం వేరు?”

“వడ్లు మన పొలంలో పండుతయ్యి. డాలరు ఆవిడ పెరట్లో పండుద్దా?”

“పండినా పండకపోయినా పిలవొద్దు” అని వచ్చేశాను. ఆయన రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

జక్రయ్య యార్డుకి కాయ వేసొచ్చి మిగతా పదమూడు వేల రెండొందలూ తెచ్చాడు. నేను మొత్తం తీసుకున్నాను. తగ్గిద్దామని ఒక రాత్రి అనుకున్న మాట నిజమే. తగ్గిస్తే తమారాకి కట్టేదేముంది? అతను నోట్లు లెక్కపెడుతున్నంతసేపూ నేను పెరట్లోకి చూస్తూ కూర్చున్నాను.

ఆ డబ్బూ గొలుసు తాకట్టు డబ్బూ కలిపి బ్రాడీపేటలో బట్టలకొట్టు ఆయనకిచ్చాను. వాళ్లబ్బాయి త్రినాథ్ మెస్సులోనే తింటాడు. ఇక్కడ ఈయన రూపాయలు తీసుకుంటే అక్కడ కొడుకు డాలర్లు చేతికిస్తాడు. రసీదు అడిగితే ఆయన, “ఇట్లాంటివాటికి రసీదులేందమ్మా” అన్నారు. ఇచ్చేదాకా నేను కొట్లోంచి కదల్లేదు. దాంతోపాటే తమ్ముడికి ఉత్తరం ఇచ్చాను. ‘గోడకి సున్నం కొట్టు. డాలర్లలో రాయి. నువ్వు కట్టేది దేనిలోనో తీసుకునేది కూడా దానిలోనే ఉండాలి. మాట పోతే మళ్లీ వస్తుంది, వంటగది పోతే రాదు. స్లాబు సంగతి నాకు తెలుసు’ అని రాశాను.

ఏప్రిల్‌లో ఫోను చేశాడు. బాకీ తీరింది, వంటగది నిలిచింది. మనిషికి నలభై డాలర్లని రాస్తే ఎనిమిది మంది మానేశారు, ఇరవై ఇద్దరు ఉన్నారు. స్లాబు గురించి వాడు ఏదో అనబోతుంటే, “లైనుకి డబ్బులవుతాయి, పెట్టెయ్” అన్నాను.

ఆ వారమే జక్రయ్య మళ్లీ వచ్చాడు. కౌలు తిరగరాసుకోవడానికి. ఈసారి భార్య ప్రేమమ్మను వెంట తెచ్చుకున్నాడు. ప్రేమమ్మ పెద్దవాళ్లకి చదువు చెప్పే సాయంత్రం బడిలో నా పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దింది. నాకంటే నెమ్మదిగా చదువుతుంది గాని ఒక్క అక్షరం వదలదు.

“వచ్చే ఏడుకి కాయల్లో వద్దమ్మా. రూపాయల్లో రాయండి” అన్నాడు జక్రయ్య.

ఎందుకడుగుతున్నాడా అని ఆలోచించాను. ఈసారి అందరూ మిరపే వేస్తారు, అప్పుడు రేటు పడుతుంది, పడితే నాకే రూపాయలు లాభం. అది అతనికి తెలియదా? తెలిసీ అడుగుతున్నాడంటే యార్డులో ఇంకేమన్నా విన్నాడా?

“ఇరవై ఒకటి” అన్నాను.

“పదిహేడమ్మా.”

“ఇరవై.”

“పద్దెనిమిది. తాలు పడ్డా పద్దెనిమిదే, పడకపోయినా పద్దెనిమిదే.”

పంతొమ్మిది దగ్గర ఆగాం. నేనే కాగితం మీద రాశాను. మూడెకరాలకీ ఏడాదికి పంతొమ్మిది వేల రూపాయలు, యార్డు రేటుతో సంబంధం లేదు, పెరిగినా తగ్గినా ఇంతే. సంతకం చేసి ఇచ్చాను. జక్రయ్య దాన్ని ప్రేమమ్మకి అందించాడు. ఇద్దరూ గేటు దాకా వెళ్లి నిలబడ్డారు. ఆమె వేలు పెట్టి చదువుతోంది. అతను ఆమె వేలినే చూస్తున్నాడు.

“ఏం రాసింది?”

“చెప్పినట్టే రాసింది. పంతొమ్మిది. రేటుతో పని లేదని కూడా ఉంది.”

జక్రయ్య నా వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. తగ్గించినా అరుగు దాకా వినిపించింది. “ఊరికే ఎందుకు ఒప్పుకుందంటావు?”

“ఏమో” అంది ప్రేమమ్మ. “వేలిముద్ర ఇప్పుడే వెయ్యమాక. ఇంకోసారి చదవనీ.”